సూచన కనిపించలేదని మనవి

పైల త్రినాథరావు ఇరవై రెండేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాడు. ఆ ఇరవై రెండేళ్లలో నలుగురిలో గర్వంగా చెప్పుకునే గొప్ప ఒకటే మిగిలింది. తను హింటు చదవడు.

ఈ హింటు సంగతి తెలియనివారికి కాస్త చెప్పాలి. ప్రోగ్రాము రాసేవాళ్లు ఎడిటర్ అనే తెర మీద టైపు చేస్తారు. కంప్యూటరు చేత ఏ పని చేయించాలో ఆ పని పేరు కొట్టి, పక్కన బ్రాకెట్ తెరవగానే, పైన ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. మొదట ఇది ఇవ్వాలి, తర్వాత అది ఇవ్వాలి, మూడోది ఇష్టముంటే ఇవ్వొచ్చు అని వరస చెబుతుంది. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుక్కి ఇప్పుడు అక్షింతలు, ఇప్పుడు తమలపాకు అని పురోహితుడు అందిస్తాడు చూడండి, అదే ఉద్యోగం. పాపం దానికున్న దోషమల్లా, సరిగ్గా పై లైను మీద కూర్చుని దాన్ని కప్పేస్తుంది. కీబోర్డు ఎడమ మూలనున్న ఎస్కేప్ మీట నొక్కితే మాత్రం మారుమాట లేకుండా వెళ్లిపోతుంది.

త్రినాథరావు ఎడమచేతి చిటికెన వేలు ఆ మీట మీదే కాపురముండేది. బ్రాకెట్ తెరవడం, ఎస్కేప్ నొక్కడం అతనికి ఊపిరి పీల్చి వదలడంతో సమానం. హింట్లు నిన్న మొన్న చేరినవాళ్లకి గానీ తనలాంటివాడికెందుకని అతని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ అడుక్కోలేదు.

అతను పనిచేసేది విశాఖపట్నంలో, ప్రభుత్వ సేవల కంప్యూటరీకరణ సంచాలక కార్యాలయంలో. భవనం సముద్రానికి ఎదురుగానే ఉంది. అయితే సముద్రం వైపు కిటికీలన్నిటికీ ఫైళ్ల బీరువాలు అడ్డం పెట్టారు కనుక లోపలివాళ్లకి ఆ విషయం తెలియదు. ఆ ఏడాది ఏజెన్సీ కొండల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులకి బదిలీలు ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. ప్రోగ్రాము రాసే పని త్రినాథరావుకి పడింది.

పని చిన్నదే. బదిలీ అనే పనికి మూడు చెప్పాలి. ఎవరిని, ఎక్కడి నుంచి, ఎక్కడికి. రెండోదీ మూడోదీ బడి నంబర్లే కనుక, అటుదిటు ఇచ్చినా కంప్యూటరు కిమ్మనదు. జాబితాలో నాలుగువందల పన్నెండు మంది ఉన్నారు. అందులో నూట తొంభై ఆరో పేరు అతని భార్య హైమావతిది. ఎనిమిదేళ్లుగా ఆమె గుమ్మలబంద అనే కొండ ఊళ్లో ఒంటరిగా పాఠాలు చెబుతోంది. నెలకి రెండు ఆదివారాలు దిగివచ్చేది. ఇప్పుడు విశాఖపట్నం రాబోతోంది. అందుచేత అందరినీ బదిలీ చేసే ఆ ఒక్క లైను త్రినాథరావు శ్రద్ధ కన్నా సంతోషం ఎక్కువ పెట్టి రాశాడు. బ్రాకెట్ తెరిచాడు, హింటు వచ్చింది, చిటికెన వేలు దాన్ని పంపించేసింది.

మర్నాడు పదకొండింటికి హైమావతి ఫోన్ చేసింది. గుమ్మలబందలో సిగ్నల్ రావాలంటే వాటర్ ట్యాంకు నిచ్చెన సగం ఎక్కాలి. గాలి హోరులో ఆమె గొంతు వినిపించింది.

"ఏమండీ, ఆర్డరు వచ్చీసింది."

"మరింకేం! సామాన్లు సర్దీసుకో."

"సర్దక్కర్లేదండీ. నన్ను విశాఖపట్నం నుంచి గుమ్మలబందకి బదిలీ చేసేరు. నేను గుమ్మలబందలోనే ఉన్నాను కదా. పక్క ఊరి మాస్టారిక్కూడా ఇలాగే వచ్చిందిట. అందరూ ఏటిదీ, ఏటిదీ అని నన్నడుగుతున్నారు."

వరస తారుమారైందని త్రినాథరావుకి అర్థమైంది. నాలుగువందల పన్నెండు మందిని అతను వాళ్లెక్కడున్నారో అక్కడికే, ప్రభుత్వ ముద్రతో సహా, బదిలీ చేసేశాడు.

"ఇక్కడ ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకి నేనొక్కర్తినేనండీ," అంటోంది హైమావతి. "మొన్న వానకి గదిలోకి ఊట దిగిపోయింది, పిల్లలు బల్లల మీద కూర్చుని..."

"సరేలే హైమా, ఆ ఊసులు తర్వాత," అని అతను ఫోన్ పెట్టేశాడు.

రెండు పదాలు అటుదిటు మారిస్తే చాలు. పది సెకన్ల పని. ఎడిటర్ తెరిచేలోపే సూపరింటెండెంట్ మార్తమ్మ గారు మెమో పట్టుకుని వచ్చారు. ఆఫీసు నియమాలన్నీ నోటికొచ్చిన మనిషి ఆవిడ. డైరెక్టర్లు మారినా ఆవిడ మారలేదు.

"ఆగండి త్రినాథ్ గారూ, ముట్టుకోవద్దు. ముందు సంజాయిషీ రాయాలి. దీనికి రెండే దారులున్నాయి. మనిషి తప్పయితే శిక్ష పడతాది, కానీ ఆ మనిషే అదే రోజు దిద్దీసుకోవచ్చు. పరికరం తప్పయితే శిక్ష లేదు, కమిటీ పడతాది. కమిటీ తేల్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఏది రాస్తారో మీ ఇష్టం."

త్రినాథరావు ఆలోచించాడు. ఆలోచించాడని మర్యాదకి అంటున్నాం గానీ, శిక్ష అనే మాట విన్నాక అతని బుర్ర రెండో మాట వినలేదు. కమిటీ అంటే మహా అయితే వారం అనుకున్నాడు. ప్రభుత్వోద్యోగంలో ఇరవై రెండేళ్లుండి కూడా అలా అనుకోగలిగాడంటే అతని అమాయకత్వాన్ని మెచ్చుకోవాలి. కాగితం తీసుకుని ఇలా రాశాడు: "బదిలీ ఆజ్ఞను టైపు చేయు సమయమున ఎడిటర్ నందు కనిపించవలసిన సూచన కనిపించలేదని, అందువలననే వరుస తారుమారైనదని వినయపూర్వకంగా మనవి." కింద సంతకం పెట్టాక, తను అబద్ధం రాసినట్టు కాక ఒక పీడకల నుంచి మేలుకున్నట్టు హాయిగా అనిపించింది.

ఆ సంజాయిషీ డైరెక్టర్ చక్రపాణి గారి బల్ల మీదికి వెళ్లింది. ఆయన కాగితాన్ని మూడుసార్లు చదివారు. రెండు నెలలుగా ఆయన ఏదైనా ఉద్యమం ప్రారంభించాలని చూస్తున్నారు, విషయం దొరకడం లేదు. మధ్యాహ్నం మూడింటికి సిబ్బందినంతటినీ సమావేశపరిచారు.

"మిత్రులారా! మానవ చరిత్రలో జరిగిన సమస్త దోషాలకూ మూలకారణం ఈ రోజు మన కార్యాలయంలో ఆవిష్కృతమైంది. మనిషి తప్పు చేయడు. అతనికి సకాలంలో సూచన అందదు, అంతే. ఇకపై ఈ ప్రాంగణంలో సూచనారహిత కార్యాచరణ నిషిద్ధం. సూచన చూపబడిన చోట తప్పు జరుగుటకు ఆస్కారం లేదు. ఈ సత్యాన్ని వెలుగులోకి తెచ్చిన శ్రీ త్రినాథరావు గారిని శాలువాతో సత్కరిస్తున్నాం."

శాలువా ఎర్రది, జరీ అంచు. త్రినాథరావు దాన్ని కప్పుకుని నిలబడి చప్పట్లు విన్నాడు. ఆ క్షణంలో నేలలోకి దూరిపోవాలనిపించిన మాట నిజం. చప్పట్లు కొంచెం తక్కువసేపు కొట్టారనిపించిన మాట కూడా నిజం. సంజాయిషీకి ఫ్రేము కట్టించి మెట్ల దగ్గర వేలాడదీశారు.

మొదటి సర్క్యులర్ ఆ సాయంత్రమే వచ్చింది. సూచన కనిపించలేదను అవకాశం మున్ముందు ఎవరికీ ఉండరాదు గనుక హింటు అక్షరాల పరిమాణాన్ని పెంచాలన్నారు. పెంచారు. హింటు తెరలో ముప్పాతిక భాగం ఆక్రమించింది. మిగిలిన పావు భాగంలో ప్రోగ్రాములు రాసేవాళ్లు మెడలు వంచుకుని, తాము ఇంతకుముందు ఏం రాశారో ఊహించుకుంటూ రాసేవారు. రెండో సర్క్యులర్ ప్రకారం ప్రతి హింటూ చదివాక "చదివితిని" అనే బటన్, తర్వాత "గ్రహించితిని" అనే బటన్ నొక్కి, సూచనా పఠన రిజిస్టరులో సంతకం పెట్టాలి. గంటకి ముప్ఫై లైన్లు రాసేవాళ్లు రోజుకి ఆరు రాసి, అలసిపోయి ఇంటికి వెళ్లేవారు. తప్పులు బాగా తగ్గాయి. రాసిందే లేదు మరి. నివేదికలో మాత్రం తప్పులు తగ్గాయనే రాశారు.

బదిలీల కమిటీ వారానికోసారి కూర్చునేది. మొదటి నెల హింటు పెట్టె పసుప్పచ్చగా ఉండాలా లేత నీలంగా ఉండాలా అన్నది చర్చించారు. త్రినాథరావు ప్రతి సోమవారం వెళ్లి, "ఆ బదిలీల సంగతి..." అని నసిగేవాడు. "మీవంటి మూలపురుషులే తొందరపడితే ఎలా?" అని వాళ్లు టీ ఇప్పించేవారు.

ఆ టీ కూడా మునుపటిలా రావడం లేదు. కంప్యూటరుకే సూచన అవసరమైతే మనిషికి అక్కర్లేదా అని డైరెక్టర్ గారు మూడో సర్క్యులర్లో ప్రశ్నించి, అక్కర అని జవాబు కూడా తామే ఇచ్చారు. ప్రతి సీటు పైనా కప్పీకి కట్టిన ప్లాస్టిక్ పలక వచ్చింది. ఎదుటి మనిషి నోరు తెరవగానే గుమస్తా తాడు వదలాలి. పలక దిగి, ఏది ముందు చెప్పాలో ఏది తర్వాత చెప్పాలో చూపిస్తుంది. క్యాంటీన్ పలక మీద మొదటిది గ్లాసుల సంఖ్య, రెండోది పంచదార. రెండోది చెప్పకపోతే నాలుగు చెంచాలని ఒప్పుకున్నట్టే. షుగరున్న మార్తమ్మ గారు రెండు రోజులు నాలుగు చెంచాలు తాగి, టీ మానేశారు.

పదకొండో వారంలో, కింది అంతస్తు సేవా కౌంటరు దగ్గర కేకలు వినిపించి త్రినాథరావు దిగి వెళ్లాడు. అక్కడ అప్పలకొండ అనే ముసలావిడ, చేపల బుట్ట పక్కన పెట్టుకుని, కాగితం ఒకటి ఊపుతోంది. వారం కిందట ఆమె మొగుడి మరణ ధ్రువపత్రం కోసం వచ్చింది. నోరు తెరవగానే పలక దిగింది. దాని మీద మొదటిది మృతుడి పేరు, రెండోది దరఖాస్తుదారు పేరు. ఆమెకి చదవడం రాదు. పైగా పలక గుమస్తాకీ ఆమెకీ మధ్య దిగడం వల్ల ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. మనుషులు మామూలుగా ఎలా చెప్పుకుంటారో అలాగే చెప్పింది. "నాను అప్పలకొండని బావూ, మా ఆయన సూర్నారాయణ," అంది. ధ్రువపత్రం వచ్చింది. అప్పలకొండ మరణించినట్టు, ఆ మేరకు సూర్నారాయణ దరఖాస్తు చేసుకున్నట్టు.

"ఏటి బావూ, నానే సచ్చిపోనానా?" అంటోంది ఆమె. "పోనీ నాను సచ్చిపోతే మా ఆయన లేచొచ్చీస్తాడేటి? అలాగైనా రాయండి, నాకేటి బాధ లేదు."

"సూచన చూపించేమమ్మా," అన్నాడు పలక వెనకాల నుంచి గుమస్తా. "సూచన చూపిన చోట తప్పు జరగదని పైవాళ్లు రాసేరు. నేనేటి చెయ్యగలను?"

క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా కాస్త నవ్వి, తర్వాత బుట్ట మీద చెయ్యేసుకుని కూర్చుండిపోయింది. త్రినాథరావు మెట్లెక్కబోతూ, ఫ్రేములోని తన సంజాయిషీ ముందు ఆగాడు. అద్దంలో అక్షరాల మీద తన మొహమే కనిపించింది. సిగ్గేసింది. ఈ భవనంలో దిగిన ప్రతి పలకకీ తాడు తన చేతిలోంచే వచ్చింది. హైమావతి పదకొండు వారాలుగా వాటర్ ట్యాంకు ఎక్కి, "ఏమైనా తేలిందాండీ?" అని అడుగుతుంటే, "కమిటీ చూస్తోంది, సరేలే," అంటున్నది కూడా తనే.

తిన్నగా డైరెక్టర్ గారి గదికి వెళ్లాడు. నోరు తెరిచాడు. జవాను తాడు వదిలాడు.

పలక మీద "ఏడింటిలో ఒకటవది" అని ఉంది. ఒకటవది ప్రశంస, ఎవరిని, ఎంతసేపు. త్రినాథరావు తల అడ్డంగా ఊపాడు. జవాను పలక తిప్పాడు. నివేదిక. ఆహ్వానం. సెలవు చీటీ. పుట్టినరోజు శుభాకాంక్ష. పరామర్శ. ఏడవది మళ్లీ ప్రశంసే, కాస్త పొడుగుది.

"నేను చెప్పేది ఇందులో లేదండీ," అన్నాడు త్రినాథరావు.

"లేనిదానిని చెప్పుట ఎట్లా?" అన్నారు డైరెక్టర్ గారు, నిజంగానే తెలియక.

"హింటు కనిపించింది సార్. ఆ రోజు బాగానే కనిపించింది. నేనే దాన్ని తీసేశాను. చదవకుండా ఎస్కేప్ నొక్కేశాను. ఇరవై రెండేళ్లుగా అలాగే నొక్కుతున్నాను. తప్పు ఎడిటర్‌ది కాదు, నాది."

జవాను భయపడి పలకను పైకి లాగేశాడు. త్రినాథరావు ఉద్యోగం మీద ఆశ వదిలేసుకుని, ఇరవై రెండేళ్లలో మొదటిసారి తేలిగ్గా నిలబడ్డాడు.

డైరెక్టర్ గారు మెల్లగా తమ కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఎడమ మూలకి వంగి చూశారు.

"ఎస్కేప్ మీట అంటే ఇదేనా? ఇన్నేళ్లుగా ఇది ఎందుకున్నదో నాకు బోధపడలేదు. అంటే సూచనల నుండి తప్పించుకొను మార్గాన్ని ప్రతి బల్ల మీదా మనమే అమర్చి ఉంచామన్నమాట!" ఆయన కళ్లు మెరిశాయి. "త్రినాథరావు గారూ, మీరు మరొకసారి మూలకారణాన్ని కనుగొన్నారు."

మధ్యాహ్నానికల్లా ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరు పట్టుకుని ప్రతి గదీ తిరిగి, మూడువందల నలభై ఎస్కేప్ మీటలు పీకాడు. వాటిని కవర్లో వేసి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. సముద్రం వైపు బీరువా అది.

మార్తమ్మ గారు మాత్రం మీటల సంగతి పట్టించుకోలేదు. త్రినాథరావు బల్ల దగ్గరికి వచ్చి కళ్లజోడు సరిచేసుకున్నారు.

"ఇప్పుడు దారికొచ్చేరు. ఈ ముక్క ఆ రోజే రాసుంటే ఆ రోజే అయిపోను కదా! మనిషి తప్పు కింద మార్చీసేను. దిద్దీసుకోండి. కింద కౌంటరు గుమస్తా కూడా మిమ్మల్ని చూసి, పొరపాటు నాదే అని రాసిచ్చీసేడు. నాలుగింటికల్లా ఆ అప్పలకొండమ్మ బతికొచ్చీస్తాది."

త్రినాథరావు రెండు పదాలూ అటుదిటు మార్చాడు. చదివితిని, గ్రహించితిని, రిజిస్టరులో సంతకం అన్నీ కలిపి పావుగంట పట్టింది. నాలుగువందల పన్నెండు మందికి కొత్త ఉత్తర్వులు వెళ్లాయి.

ఇక శిక్ష మిగిలింది. మీరు చేసిన మేలుకు తగిన అవకాశము, చేసిన తప్పుకు తగిన దండన, రెండూ ఒకే కాగితం మీద ఇస్తున్నామన్నారు డైరెక్టర్ గారు. మారుమూల సేవాకేంద్రాల్లో సూచనా పలకలు అమర్చే బాధ్యత త్రినాథరావుకి అప్పగించారు. మొదటి కేంద్రం గుమ్మలబంద, బడి గదిలోనే. మూడేళ్లు.

బదిలీ ప్రోగ్రాము తెలిసినవాడు తనొక్కడే కనుక, తన ఉత్తర్వు తనే టైపు చేసుకోవాలి. త్రినాథరావు కూర్చున్నాడు. బ్రాకెట్ తెరిచాడు. హింటు తెరంతా పరుచుకుంది. చిటికెన వేలు అలవాటుగా మూలకి వెళ్లింది. అక్కడ మీట లేదు, చిన్న గుంట ఉంది. గత్యంతరం లేక చదివాడు. ఎవరిని, ఎక్కడి నుంచి, ఎక్కడికి.

అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. రెండోదీ మూడోదీ అటుదిటు కొడితే తను గుమ్మలబంద నుంచి విశాఖపట్నానికి బదిలీ అవుతాడు. అంటే ఈ కుర్చీలోనే ఉంటాడు. హైమావతి ఎలాగూ వచ్చేస్తోంది. కంప్యూటరు కిమ్మనదు. పైగా సూచన చూపిన చోట తప్పు జరగదని డైరెక్టర్ గారి ప్రకటన కూడా ఉంది. ఇంత నిర్దోషమైన మోసం మళ్లీ జన్మలో దొరకదు.

చాలాసేపు వేళ్లు గాల్లోనే ఉన్నాయి. హైమావతి ఇంటికొచ్చి, ఇదెలా కుదిరిందండీ అని అడిగితే ఏం చెప్పాలో అతనికి తోచలేదు. మళ్లీ సూచన కనిపించలేదని చెప్పాలి. ఆ మాట ఇంకోసారి చెప్పే ఓపిక అతనిలో లేదు. వరసగా కొట్టాడు. త్రినాథరావును, విశాఖపట్నం నుంచి, గుమ్మలబందకి.

హైమావతి ఆదివారం దిగింది. అతను సోమవారం పొద్దున ఎక్కాలి. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన బదిలీ వచ్చాక ఇద్దరికీ ఒకే ఊళ్లో దొరికింది ఒక్క రోజు. అందులో సగం ఆమె సామాన్లు విప్పడానికీ, సగం అతని సామాన్లు సర్దడానికీ పోయింది. ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. అంటే బావుండుననిపించింది త్రినాథరావుకి.

బస్సు కదలబోయే ముందు కిటికీలోంచి ఒక కాగితం అందించింది. బడి నోటు పుస్తకంలోంచి చింపిన పేజీ, గుండ్రటి అక్షరాలు. మొదటిది గొడుగు. రెండోది దోమతెర, మంచం కింద మడిచి పెట్టాను. మూడోది, బడి గదిలోకి ఊట దిగే చోటు తలుపు వెనకాల, వానొచ్చేముందే గోనెలు వెయ్యాలి. నాలుగోది, మూడో తరగతిలో ఒక పిల్ల మాట్లాడదు, బలవంతం చెయ్యకండి, పక్కన కూర్చుంటే చాలు. ఐదోది, ట్యాంకు నిచ్చెన ఏడో మెట్టు విరిగింది.

త్రినాథరావు కాగితం మీంచి తలెత్తలేకపోయాడు. ఇవన్నీ ఆమె చెప్పినవే. ఎనిమిదేళ్లుగా, నెలకి రెండు ఆదివారాలు, మిగతా రోజులు ఆ నిచ్చెన మీద నిలబడి చెప్పినవే. ప్రతిసారీ తను సరేలే అన్నాడు. ఎస్కేప్ మీట ఒక్క కీబోర్డు మీదే లేదని అతనికప్పుడు తెలిసింది.

"ఇంకేమైనా ఉన్నాయా హైమా?" అన్నాడు.

ఆమె అతనికేసి కాస్త వింతగా చూసింది.

"చాలా ఉన్నాయండీ. మీరెప్పుడు అడిగేరు గనక?"

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కిటికీ ఊచ పట్టుకుని, కొండ మీద నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎవరింట్లో పాలు దొరుకుతాయో గబగబా చెబుతూ నాలుగడుగులు బస్సుతో పాటు నడిచింది. ఇంజను చప్పుడులో సగం వినపడలేదు. త్రినాథరావు తల బయటికి పెట్టి, ఆమె ఆగిపోయేదాకా, ఒక్క మాటా అడ్డం రాకుండా విన్నాడు.